చిటికెడు ఎర్రమన్ను

మా అబ్బా గోడలకు రంగులు వేసేవాడు. రంగులు వేసేవాడంటే జనానికి కుంచె, డబ్బా, నిచ్చెన గుర్తుకొస్తాయి. నిజానికి ఆ పనిలో రంగు చివరాఖరి ముచ్చట. అంతకుముందు నాలుగు రోజులు గోడతో గొడవ. పొరలు లేచిన పాత సున్నం పట్టీతో గీకాలి. మేకులు పీకిన బొక్కలు, నెర్రెలు, మూలల్లో పెచ్చులూడిన చోట్లు లప్పంతో పూడ్చాలి. ఆరినాక ఉప్పుకాగితంతో రుద్దాలి. రుద్దినాక అరచేత్తో తడిమి చూడాలి. అబ్బా గోడను తడిమే తీరు చూస్తే జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూస్తున్నట్టుండేది.

లప్పం ఆయన ఇంట్లోనే కలిపేవాడు. చాక్‌పొడి, అవిసెనూనె, ఇంత వార్నీషు. చపాతీ పిండికన్నా మెత్తగా, వెన్నకన్నా గట్టిగా రావాలి. ఒకసారి ఏనం దొరక్క అమ్మీ రొట్టెల పిండి కలిపే తాంబాళంలో కలిపేసినాడు. నెల్లాళ్ళు మా రొట్టెలు అవిసెనూనె వాసన కొట్టినాయి. ఆ సంగతి వేరే.

అంతా కలిపినాక చివర్లో చిటికెడు ఎర్రమన్ను వేసేవాడు. తెల్లటి లప్పం పసిబిడ్డ అరికాలి రంగుకు తిరిగేది. చిన్నప్పుడు మాకు అది వింతగా ఉండేది. గోడ తెల్లది, వేయబోయే రంగు తెల్లది లేదా లేత పసుపు. మధ్యలో ఈ ఎరుపెందుకు? అతుకు కనపడకుండా చేసేవాడు గొప్ప పనివాడు కదా, మన అబ్బా ఏంది కావాలని కనపడేటట్టు చేస్తున్నాడు?

"దిఖ్నా బేటా" అనేవాడు. కనపడాలి బిడ్డా.

సంగతి ఏమంటే లప్పం దాహం మనిషి. పాత గోడ ఏళ్ళ తరబడి తాగి తాగి నిండిపోయి ఉంటుంది. కొత్తగా పెట్టిన లప్పానికి మాత్రం ఎంత రంగు పోసినా చాలదు, పీల్చేస్తుంది. అందుకే రంగు వేయకముందే ఆ చోట్లకు మాత్రం విడిగా ప్రైమరు తాగించాలి. తెల్ల గోడ మీద తెల్ల లప్పం పెట్టి రుద్దేస్తే ఎక్కడెక్కడ పెట్టినామో పెట్టినవాడికే తెలియదు. నలభై చోట్లలో పది తప్పిపోతాయి. రంగు వేసిన రోజు ఎవరికీ ఏమీ కనపడదు. బిల్లు కూడా వస్తుంది. రెండు నెలలు పోయినాక ఒక సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. అప్పుడు లేస్తాయి ఆ పదీ, గోడకు బొల్లి వచ్చినట్టు. అదే లప్పంలో చిటికెడు రంగు ఉంటే ఒక్క చోటూ తప్పిపోదు. అన్నింటికీ ప్రైమరు పడుతుంది, పైన రెండు పూతలు పడతాయి, గోడంతా ఒకటే గోడ. చిటికెడే వేయాలి. పిడికెడు వేస్తే పై పూతలోంచి కూడా పైకి లేస్తుంది.

ఇదీ మా అబ్బా విద్య. దీన్ని ఇంత పొడుగ్గా చెప్పడానికి కారణం ఉంది. అది చెప్పాలంటే శ్రీశైలం పోవాలి.

ముందొక మాట. మేం 'మేం' అంటున్నామంటే అది గొప్పకు కాదు. మా ఇంటి భాషలో ఒక్కడు మాట్లాడినా 'హమ్' అనే అంటాడు. ఆ ఒక్కడి వెనక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉంటారు, ఒక్కోసారి గల్లీ అంతా ఉంటుంది. తెలుగులో రాసేటప్పుడు కూడా మాకు 'నేను' నోటికి రాదు.

మాది కృష్ణ ఒడ్డు ఊరు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట 1981 నాటికి పూర్తయి నీళ్ళు నిలబెట్టేసరికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగినాయి. వాటిలో మాదొకటి. ఊళ్ళోవాళ్ళు తలా ఒక దిక్కు పోయినారు. ఏ ప్రాజెక్టు మా ఊరిని ముంచిందో ఆ ప్రాజెక్టు క్వార్టర్లకే సున్నం వేయడానికి అబ్బా సుండిపెంట చేరినాడు. కోపం రాలేదా అని పెద్దయినాక అడిగితే, "కోపానికి కూలీ ఇస్తారా?" అన్నాడు.

మునిగే ఊళ్ళలోని పాత రాతిగుళ్ళను కొన్నింటిని అప్పుడు విప్పి తరలించినారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అట్లనే ఆలంపురం చేరింది. రాయి రాయికీ అంకె వేసి, వరస తప్పకుండా దించి, మళ్ళీ అదే వరసలో పేర్చడం ఆ పని పద్ధతి. మా ఊరి మసీదుకు అంకెలు పడలేదు. ఇది ఫిర్యాదు కాదు. ఇటుకా సున్నం గోడను విప్పడం కుదరదు, పగలగొట్టడమే కుదురుతుంది. మా ఊళ్ళో చిన్న చిన్న గుళ్ళకు కూడా అంకెలు పడలేదు. ఎండాకాలం జలాశయం దిగిపోయినప్పుడు, సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడే రోజుల్లో, మా ఊరి మొండిగోడలు కూడా కొన్ని బయటపడతాయి. ఒకసారి అబ్బా మమ్మల్ని తీసుకుపోయి చూపించినాడు. ఒండ్రు కింద ఒక గోడ ముక్క. దాని మీద ఇంకా లేత ఎరుపు మచ్చలు రెండు. "ఇవి నేను పెట్టినవే" అన్నాడు. పై సున్నమంతా నీళ్ళు తినేసినాయి, లప్పం మాత్రం ఉంది. ఆ గోడ ఎవరిదని అడిగితే కోమటి శెట్టిగారి దుకాణం గోడ అన్నాడు.

ఎనభైల నడిమికి క్వార్టర్ల పని తగ్గింది. అబ్బా బస్సెక్కి శ్రీశైలం పైకి పోవడం మొదలుపెట్టినాడు. శ్రీశైలంలో కులానికో సత్రం ఉంటుంది. పెద్ద కులాలకు పెద్ద సత్రాలు, చిన్న కులాలకు చిన్నవి. శివరాత్రికి ముందు రెండు నెలలు అన్ని సత్రాల్లోనూ రంగుల పనే. ఉగాదికి కన్నడ దేశం నుంచి నడిచొచ్చే భక్తులు లక్షల్లో ఉంటారు గనక ఆ జనం దిగేలోపల గదులు తేటగా ఉండాలి. ఏడాదంతా కర్పూరం పొగ, పొయ్యిల మసి, తువ్వాళ్ళు ఆరేసుకోను కొట్టిన మేకులు. ఒక్కో గదిలో ఇరవై ముప్పై బొక్కలు. అబ్బా అన్ని కులాల గోడలకూ లప్పం పెట్టినాడు. రాత్రిపూట పడుకోను మాత్రం ఏ సత్రమూ ఆయనది కాదు. వరండాలో గోనెపట్టా వేసుకునేవాడు. అట్లని ఆయన బాధపడింది మేం చూడలేదు. అన్ని సత్రాల్లోనూ బొక్కలు ఒకటే సైజని నవ్వేవాడు.

మా చాచా బోర్డులు రాసేవాడు. టెంకాయల అంగళ్ళ మీద 'ఓం నమః శివాయ' ఆయన చేతి రాతే. విభూతి రేఖలు మూడూ స్కేలు పెట్టకుండా గీసేవాడు. సుండిపెంట జమాతులో ఒక పెద్దమనిషి దీన్ని తప్పుపట్టి, "కల్మా చదివే చెయ్యితో అది రాస్తావా?" అన్నాడు. చాచా, "నమాజు చదివేది చెయ్యితో కాదు కదా హజ్రత్" అన్నాడు. ఆ పెద్దమనిషి ఏడాదిపాటు మాతో సరిగా మాట్లాడలేదు. మమ్మల్ని నున్నగా రుద్దాలని చూసిన ఉప్పుకాగితం ఒకవైపు నుంచే రాలేదని చెప్పడానికి ఇది చెప్తున్నాం.

ఇక ఆ సంగతి. 1993 జనవరి. అంతకు నెల ముందే, 1992 డిసెంబరు 6న, అయోధ్యలో బాబ్రీ మసీదును పడగొట్టినారు. శ్రీశైలం కొండ మీద ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ అంతకుముందు 'మేస్త్రీ' అని పిలిచేవాళ్ళు కొందరు 'సాయిబూ' అనడం మొదలుపెట్టినారు. పిలుపులో ఒక మెట్టు తేడా. చెవులున్నవాళ్ళకు తెలుస్తుంది.

ఒక సత్రంలో పెద్ద హాలు పని. ఏ సత్రమో ఇప్పుడు అనవసరం. ఎర్రమన్ను అయిపోయింది. నంద్యాల నుంచి సరుకు రాలేదు. ఇంట్లో మా గచ్చుకు వేయగా మిగిలిన పచ్చ ఆక్సైడు పొడి పొట్లంలో ఉంది. చిటికెడే కదా, ఏదైతేనేమి అనుకుని అబ్బా అది వేసి లప్పం కలిపినాడు. హాలు నాలుగు గోడలకూ యాభై చోట్ల పెట్టినాడు. లేత వేపచిగురు రంగు మచ్చలు. ఆరాలి, రుద్దాలి, ప్రైమరు పడాలి. ఇంకో రెండు రోజుల్లో అన్నీ మాయమయ్యేవే. మేం ఆ రోజు అక్కడే ఉన్నాం. బడి సెలవు. ఉప్పుకాగితాలు ముక్కలు చేసి ఇవ్వడం మా పని.

సాయంత్రం సత్రం చూసుకునే ఆయన వచ్చినాడు. వెంట ఇద్దరు ముగ్గురున్నారు. ఆయన ఒక్కడే వచ్చుంటే ఏమయ్యేదో ఏమో. గోడలకేసి చూసి, "ఏం సాయిబూ, మా గోడ మీద మీ జెండా ఎగరేస్తివే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెంట ఉన్నవాళ్ళు నవ్వలేదు.

అబ్బాకు ముందు అర్థం కాలేదు. అర్థమయినాక మెల్లగా చెప్పినాడు. "ప్రైమరు పడితే కనపడదు సార్. రెండు పూతలయితే అసలే కనపడదు."

వెంట ఉన్న ఒకాయన అన్నాడు: "కనపడకపోతే మాత్రం? లోపల ఉంటుంది గదా!"

ముప్పై ఏళ్ళు దాటింది. ఎన్నో ప్రసంగాలు విన్నాం, ఎన్నో వార్తలు రాసినాం. మా గురించి ఈ దేశంలో అనుకునే మాటను ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాణ్ణి మేం మళ్ళీ చూడలేదు. కనపడితే జెండా అంటారు. కనపడకపోతే లోపల ఉంటుంది గదా అంటారు.

అబ్బాతో కలిసి పనిచేసే బోయ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నిచ్చెన మీది నుంచి దిగకుండానే అన్నాడు: "పచ్చంటే మామిడాకు గూడ పచ్చే గదా సామీ. తోరణం దాంతోనే గదా కట్టేది?" నువ్వు ఊరుకోమన్నారు. ఊరుకోలేదు. కానీ గోడ వాళ్ళది.

రాత్రంతా యాభై చోట్లూ గీకినారు. తడి ఆరని లప్పం గీకితే బొక్క ముందుకన్నా పెద్దదవుతుంది. బోయ మేస్త్రీ ఒక గోడ, అబ్బా ఒక గోడ. మేం లాంతరు గోడకు ఆనించి పట్టుకున్నాం. ఏటవాలు వెలుతురులో పచ్చరవ్వ మిగిలితే పట్టుకోవడం మా పని. తెల్లవారేసరికి గోడలన్నీ గుంతలు. మళ్ళీ తెల్ల లప్పం కలిపి పూడ్చినారు. ఈసారి చిటికెడు కూడా ఏమీ వేయలేదు. సగం కూలీ ఇచ్చినారు.

ఉగాదికి కన్నడ యాత్రికులు ఆ హాల్లో దిగినప్పుడు గోడ మీద పదో పన్నెండో మచ్చలు లేచినాయని బోయ మేస్త్రీ చూసొచ్చి చెప్పినాడు. అబ్బా, "కనపడకుండా చెయ్యమన్నారు, చేసినా" అన్నాడు. అంతే. ఆ సత్రం పని మరుసటేడు ఇంకొకరికి పోయింది.

ఆ రోజుల్లోనే అమ్మీ మాకొక పాఠం చెప్పింది. బస్సులో పైకి పోయేటప్పుడు అబ్బాను 'అబ్బా' అని పిలవొద్దు, 'నాన్న' అని పిలవండి అని. భయంతో చెప్పింది, తప్పు పట్టలేం. ఒకరోజు బస్టాండు రద్దీలో అబ్బా ముందు పోతున్నాడు, మేం వెనకబడిపోయినాం. "నాన్నా! నాన్నా!" అని గొంతు చించుకున్నాం. ఆయన తిరిగి చూడలేదు. ఎవరి పిల్లలో ఎవరినో పిలుస్తున్నారు అనుకున్నాడు.

అట్ల మేం తెల్ల లప్పం కావడం నేర్చుకున్నాం. బాగానే నేర్చుకున్నాం. బి.ఏ. చదివేటప్పుడు, "మీ తెలుగు సాయిబుల తెలుగులా లేదే!" అంటే పొంగిపోయేవాళ్ళం. అది మెచ్చుకోలు కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. పత్రికలో చేరినాక వార్తల్లోంచి 'ఉర్దూ వాసన' తీసేయమని పైవాళ్ళు చెప్తే మాకంటే బాగా తీసినవాళ్ళు లేరు. రంజాన్ శీర్షికలో సేమియా, పీర్ల పండుగ వార్తలో గుండం తప్ప మా ఇంట్లో రోజూ జరిగేది ఏదీ మేం రాయలేదు. వానలకు కారే గది, పెండ్లికి కుదువపెట్టిన గొలుసు, అక్క చదువు ఆగిపోవడం, ఇవి ఎవరింట్లోనైనా జరిగేవే కదా, మా పేరుతో ఎందుకు రాయాలి అనుకున్నాం.

మా తప్పు ఇంకొకటుంది. అది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మా గల్లీ చివర దూదేకులవాళ్ళ ఇండ్లు ఉండేవి. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు. "మీకు ఉర్దూ రాదు, మీరేం ముసల్మాన్లు" అని మేం, మా ఈడు పిల్లలం, వాళ్ళను ఏడిపించినాం. పెద్దవాళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకోలేదు. బయటివాళ్ళకు వాళ్ళు సాయిబులు, సాయిబులకు వాళ్ళు బయటివాళ్ళు. గోడ అడిగే ప్రశ్న మేం ఇంకొక అతుకును అడిగినాం. తొంభైల్లో తెలుగులో ముస్లింలు తమ పేరుతో తామే రాయడం మొదలుపెట్టినప్పుడు వాళ్ళలో దూదేకులవాళ్ళు కూడా ముందుకొచ్చి మాకు ఈ సంగతి ముఖం మీద చెప్పినారు. మంచిపని చేసినారు.

చాలా ఏళ్ళ తర్వాత లేపాక్షి మీద ఒక ఆదివారం వ్యాసం రాయడానికి పోయినాం. వీరభద్రాలయం కప్పు మీది విజయనగర కాలపు బొమ్మలు. మెడ నొప్పి పుట్టేదాకా చూసినాం. బొమ్మల మధ్య పూత రాలిపోయిన చోట్లున్నాయి. మరమ్మతుల సంగతి తెలిసిన ఒకాయనను అడిగినాం: ఇక్కడ అదే రంగు, అదే గీత కలిపి పూర్తిచేయొచ్చు కదా? ఆయన అదిరిపడినాడు. అది మోసం అన్నాడు. పూడ్చిన చోటు పూడ్చినట్టు తెలియాలట. దూరం నుంచి చూస్తే బొమ్మ చెదరకూడదు, దగ్గరకు పోయి చూస్తే ఇది పాతది, ఇది మనం పెట్టింది అని తేడా కనపడాలి.

తర్వాత చదువుకున్నాం. 1964లో వెనిస్ నగరంలో పురాతన కట్టడాల మరమ్మతులకు పెట్టుకున్న నియమాల్లో ఇదొకటి. పోయిన భాగాల చోట కొత్తవి పెడితే మొత్తంతో కలిసిపోవాలి, అయినా అసలుదానితో తేడా తెలియాలి, లేకపోతే చరిత్రకు దొంగసాక్ష్యం చెప్పినట్టే. రోమ్‌లో సిజారే బ్రాండీ అనే ఆయన నడిపిన సంస్థలో, రాలిపోయిన చోట్లను సన్నటి నిలువు గీతలతో నింపే పద్ధతి మొదలైంది. దూరానికి రంగులా కనపడుతుంది, దగ్గరికి గీతలని తెలుస్తుంది. మన దగ్గర అజంతా ఉన్న నేల అప్పట్లో నిజాం రాజ్యం. గులాం యజ్దానీ పురావస్తు శాఖ చూస్తున్న కాలంలో, 1920-22 మధ్య, ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులను పిలిపించి అజంతా బొమ్మలు రాలిపోకుండా పని చేయించినారు. వాళ్ళు పూసిన లక్క వార్నీషు తర్వాత పచ్చబడి బొమ్మలనే మసక చేసింది. దాన్ని తీయడం తర్వాతివాళ్ళకు ఏళ్ళ తరబడి పనైంది. మేలు కోరి పూసిన పూత కూడా కొన్నాళ్ళకు మసకే.

ఇంటికొచ్చి అబ్బాకు ఇదంతా చెప్పినాం. నీ లప్పం విద్య వెనిస్ దాకా ఉంది అన్నాం. ఆయన అంత మురిసిపోలేదు. "వాళ్ళది వేరే" అన్నాడు. ఆలోచిస్తే నిజంగానే వేరు. అబ్బా వేసే చిటికెడు రంగు పనివాడికి కనపడడానికి. పని అయినాక అది పూత కిందికి పోతుంది, ఎవరి కంటా పడదు. వాళ్ళది చూసేవాడికి కనపడడానికి. ఎప్పటికీ ఉంటుంది. మరి మేం ఏది కావాలంటున్నాం? ఇప్పుడు బాగా కనపడి, మాకు అందాల్సిన ప్రైమరు అంది, రేపు అందరితో ఒకటే గోడ అయిపోవడమా? లేక దగ్గరకొచ్చి చూసేవాడికి ఎప్పటికీ తేడా తెలిసేటట్టు ఉండిపోవడమా? మా స్నేహితుల్లో లౌకికవాదులు మొదటిదంటారు. మా వాళ్ళలో కొందరు రెండోదంటారు. మాకు రోజును బట్టి ఉంటుంది. సచార్ కమిటీ 2006లో తన నివేదిక ఇచ్చిన రోజు మాకు మొదటిదే సరి అనిపించింది. ఎక్కడ బొక్కలున్నాయో అంకెలతో సహా గోడ మీద గుర్తు పెట్టిన పని అది. ప్రైమరు ఏమాత్రం పడిందనేది వేరే ముచ్చట.

అసలు పోలికలోనే ఒక తిరకాసుంది. అతుకు అంటే గోడ ముందు ఉండి తర్వాత వచ్చి పడింది అని. మేం ఆ గోడలో రాళ్ళం కాదా? కడపలో ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముసల్మానులు టెంకాయ పట్టుకుని పోతారు, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అని. ఇక శ్రీశైలం సంగతి చెప్తే, కర్నూలు నవాబులు ఆ కొండెక్కే భక్తుల దగ్గర పన్ను వసూలు చేసినారు. అది కూడా చెప్పుకోవాలి, దాచడానికి లేదు. ఆ నవాబుకూ మా అబ్బాకూ ఏం చుట్టరికమని మాత్రం అడుగుతాం. 1839లో ఇంగ్లీషువాళ్ళు నవాబును దించేసినప్పుడు పోయింది ఆయన గద్దె. మా తాతలకు అప్పుడూ సున్నం బానే.

2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. దేవాదాయ శాఖ కింద ఉన్న ఆస్తుల్లో దుకాణాల లీజులకు హిందువులు కానివాళ్ళు అర్హులు కారు అని. శ్రీశైలంలో ఏళ్ళ తరబడి దుకాణాలు పెట్టుకున్న ముస్లింలకు అది పీకల మీదికొచ్చింది. కోర్టుకు పోయినారు. 2019లో హైకోర్టు వాళ్ళ పిటిషన్లు కొట్టేసింది. 2020 మొదట్లో సుప్రీంకోర్టు నిలుపుదల ఇచ్చింది. అయినా పేచీ తెగలేదు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, మతం కారణంగా ఎవరినీ వేలంలోంచీ లీజుల్లోంచీ తప్పించకూడదని.

ఆ వార్త తెలుగులో రాసే పని మాకే పడింది. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగింది. 'దుకాణం' ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. 'హక్కు' అరబ్బీ. 'రద్దు' అరబ్బీ. 'కిరాయి', 'హాజరు', 'తారీఖు', 'జవాబు' అన్నీ అక్కడివే. ఆ మాటకొస్తే 'జిల్లా' కూడా. 'వేలం' ఒక్కటి పోర్చుగీసువాళ్ళది, దానితో మాకు పేచీ లేదు. దుకాణం హక్కు రద్దు అని మమ్మల్ని తీసేయాలన్నా మా మాటలు లేకుండా ఆ వాక్యం తెలుగులో నిలబడదు. ఎన్నేళ్ళుగా 'ఉర్దూ వాసన' అని మేం గీకి పారేసినామో, ఆ లప్పం ఈ భాష గోడలో ఎప్పుడో ఎండి గట్టిపడి రాయైపోయింది. ఆ పొద్దు ఆ వార్తలోంచి ఒక్క మాట కూడా తీయలేదు. పైవాళ్ళు అడిగితే చెప్పాల్సిన జవాబు కూడా సిద్ధం చేసుకున్నాం. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు శ్రీశైలం కర్నూలు జిల్లాలో లేదు, 2022 నుంచి నంద్యాల జిల్లా. మాకు కాగితాల మీద ఇంకొకసారి ఊరు మారింది.

మొన్న చలికాలం సుండిపెంట ఇంటికి రంగులు వేయించాలనుకున్నాం. అబ్బాకు ఎనభై దగ్గర పడుతున్నాయి. కన్ను ఒకటి ఆపరేషన్ అయింది, రెండోది మసక. బజారులో ఇప్పుడు అవిసెనూనె లప్పం కలిపేవాడు లేడు. అంతా సంచుల్లో వచ్చే వాల్ పుట్టీ, మల్లెపువ్వు తెలుపు. నీళ్ళు పోసి కలపడమే. అమెరికాలో గులాబీ రంగులో ఉండి ఆరగానే తెల్లబడే లప్పం అమ్ముతారని చదివినాం. ఆరిందో లేదో తెలియడానికట. అబ్బాకు చెప్తే, "ఆరగానే తెల్లబడితే ఇంకేం లాభం? అప్పుడే కదా అది కనపడాల్సింది" అన్నాడు. కంపెనీ అవసరం వేరు, ఈయన అవసరం వేరు. అయినా వాదించలేదు.

పని కుర్రాళ్ళు రాకముందే ఆయన కుర్చీ లాక్కుని గోడ పక్కన కూర్చున్నాడు. చేతిలో సెల్‌ఫోను టార్చి. లాంతరు పట్టినట్టే గోడకు ఆనించి పట్టుకున్నాడు. "ఎర్రమన్ను ఉందా?" అన్నాడు. లేదు. పెరట్లో ఉండేది ఒకప్పుడు, ఇప్పుడంతా సిమెంటు గచ్చు. మా చిన్నది, ఆయన మనవరాలు, బడి సంచి కుమ్మరించి రంగు సుద్దముక్కల డబ్బా తెచ్చింది. ఎరుపు అరిగిపోయి గోరంత ఉంది. పచ్చది నిండుగా ఉంది.

మేం ఆయన ముఖం చూసినాం. ఆ రాత్రి సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

"ఏది వేయాలి దాదా?" అంది.

అబ్బా సుద్దముక్కను మసక కన్ను దగ్గరికి పెట్టుకుని చూసినాడు. గోరుతో గీకి పొడి రాల్చి వేళ్ళ మధ్య నలిపినాడు. నున్నగానే ఉన్నట్టుంది. "ఇదే వెయ్యి. చిటికెడే, ఎక్కువొద్దు" అన్నాడు.

తాంబాళం కోసం వంటింట్లోకి పోయింది. అమ్మీ ఇవ్వనంది.